హనుమకొండలో ఖరీదైన స్పీకర్లు కొనేవాళ్లు జాగ్రత్త: డెమోలో మోగేది ఒకటి, ఇంటికొచ్చేది ఇంకొకటి

మొన్న దసరాకి ముందు హనుమకొండలో ఒక షాపులో లక్షా అరవై వేలకు ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్ల జత, దాంతోపాటు యాభై ఐదు వేలకు ఏవీ రిసీవర్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్ పెట్టె) కొన్నాను. నెల తిరక్కుండానే ఇంట్లో పాటలు పెట్టడం మానేశాం. షాపు పేరు రాయను. ఎందుకంటే ఈ పద్ధతి ఆ ఒక్క షాపుకే పరిమితం కాదని తర్వాత తెలిసింది.

డెమో గదిలో నేలంతా మందపాటి తివాచీ, మూడు వైపులా బరువైన కర్టెన్లు. పావుగంట వినిపించారు, అదీ కాస్త గట్టిగానే. రెండు సెట్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి ఒక్క డెసిబెల్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) ఎక్కువ మోగినా మన చెవి దాన్నే బాగుందంటుంది. ట్రెబుల్, అంటే సన్నని పదునైన శబ్దాలు, ఎక్కువున్న స్పీకర్‌తోనూ ఇదే గొడవ. పది నిమిషాలు వింటే "అబ్బ, ఎంత క్లియర్‌గా ఉంది" అనిపిస్తుంది. రెండు గంటలు వింటే అదే క్లియర్ సూదిలా గుచ్చుతుంది. మనిషి చెవి సుమారు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య శబ్దాలను అన్నిటికంటే చురుగ్గా పట్టుకుంటుంది. ఆ స్పీకర్లు సరిగ్గా అక్కడే ఎక్కువ గట్టిగా మోగుతున్నాయి.

మా హాలు 14 అడుగులకు 12. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, గోడలు బోడిగా ఉంటాయి, ఒక పక్క పెద్ద అద్దాల కిటికీ. మన దగ్గర కొత్త ఇళ్లన్నీ దాదాపు ఇంతే కదా. బతుకమ్మ పాటలు పెడితే చప్పట్లు పెటపెటా చెంప మీద కొట్టినట్టు వినిపించాయి. సుశీల గారి పాత పాటల్లో స, శ వచ్చిన చోటల్లా ఈల వేసినట్టు. మా ఆవిడ వంటింట్లోంచే "ఇగ బందు జెయ్యుండ్రి, తలకాయ నొస్తుంది" అనేది. ఆమెకు ఈ వాట్ల గోల ఏదీ తెలియదు, కానీ నాకంటే నాలుగు రోజుల ముందే తేల్చేసింది. ఇక రిసీవర్ పైన చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. మూడో రోజు పాట మధ్యలో దానంతట అదే ఆగిపోయింది.

షాపుకు ఫోన్ చేస్తే, "కొత్తవి కదా సార్, వంద గంటలు నడిస్తే మెత్తబడతయి" అన్నారు. రోజుకు గంటన్నర వింటే వంద గంటలకు రెండు నెలలు పైనే పడుతుంది. ఆలోపు వాపసు మాట ఎవరూ ఎత్తరు. ఆ తర్వాత పద్దెనిమిది వేల కేబుల్ వేస్తే సర్దుకుంటుందన్నారు. నిజం చెప్పాలంటే అదీ కొనేవాణ్నే, చేతిలో డబ్బులు లేక బతికిపోయాను.

చివరికి కాజీపేటలో తెలిసిన ఒక రిపేరు మెకానిక్‌ను ఇంటికి పిలిచాను. ఆయన ముందుగా స్పీకర్ వైర్ ఊడదీసి, టెర్మినల్స్‌కు మల్టీమీటర్ పెట్టాడు. 3.3 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) చూపించింది. స్పీకర్ వెనక మాత్రం 8 ఓమ్స్ అని ఉంది. నిజమైన 8 ఓమ్స్ స్పీకర్ అయితే మీటర్ మీద మామూలుగా ఐదున్నర, ఆరు అలా రావాలి. పాట మోగేటప్పుడు స్పీకర్ ఇచ్చే అడ్డును ఇంపీడెన్స్ అంటారు, అది మీటర్ అంకె కంటే వేరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, రాసిన ఇంపీడెన్స్‌లో 80 శాతం కంటే అది ఎక్కడా కిందికి దిగకూడదు. అంటే 8 అని రాస్తే 6.4కు తగ్గకూడదు. మాది పేరుకు 8, పనికి 4. ఓమ్స్ సగమైతే యాంప్లిఫయర్ రెండింతల కరెంటు తోడిపోయాలి. మా రిసీవర్‌కు అంత సత్తువ లేదు.

రిసీవర్ బాక్సు మీద "ఛానెల్‌కు 150 వాట్లు" అని పెద్ద అక్షరాలు. చిన్న అక్షరాల్లో చూస్తే అది 6 ఓమ్స్ దగ్గర, ఒక్క ఛానెల్ (అంటే ఒక్క స్పీకర్ వైపు) మాత్రమే నడిపి, 1 కిలోహెర్ట్జ్ ఒక్కదాని మీద, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే శబ్దం అంత చెడిపోయాక, కొలిచిన లెక్క. రెండు ఛానెళ్లూ కలిపి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 8 ఓమ్స్ మీద ఇచ్చేది 80 వాట్లే. ఒకప్పుడు టేప్ రికార్డర్ల మీద వెయ్యి వాట్ల పీఎంపీఓ అని ఉత్తుత్తి పవర్ అంకె అంటించేవారు, గుర్తుందా? దానికి ఇది చదువుకున్న తమ్ముడు.

మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు చాలు. కానీ డప్పు దెబ్బ, తబలా దెబ్బ లాంటివి సగటు కంటే 15, 20 డెసిబెల్స్ పైకి ఎగురుతాయి. 10 డెసిబెల్స్‌కు పదింతలు, 20కి వందింతలు పవర్ కావాలి. అది అందనప్పుడు శబ్దపు అల పైభాగం కత్తిరించినట్టు చదునవుతుంది. అప్పుడు పుట్టే గరుకు శబ్దంలో చాలా భాగం ట్వీటర్‌కు (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌కు) పోతుంది. తలనొప్పి సరే, ట్వీటర్ కాలిపోయే ప్రమాదం కూడా ఉంది. పైగా రిసీవర్ ఆగిపోతుందని చెప్పినప్పుడు షాపు కుర్రాడు వచ్చి మెనూలో "4 ఓమ్స్" సెట్టింగ్ పెట్టి వెళ్లాడు. అది వేడి తగ్గడానికి పవర్‌ను ఇంకా కుదించే ఏర్పాటు. అంటే రోగం తగ్గలేదు, జ్వరం మాత్రమే కనబడకుండా పోయింది.

సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందనే అంకె దగ్గర కూడా ఒక మెలిక ఉంది. "2.83 వోల్టుల దగ్గర 88 డెసిబెల్స్" అని రాస్తారు. 8 ఓమ్స్‌కు 2.83 వోల్టులంటే ఒక వాటు. 4 ఓమ్స్‌కు రెండు వాట్లు. కాబట్టి నా స్పీకర్లు వాటుకు 85 డెసిబెల్సే.

ఇప్పుడు ఒక స్నేహితుడి దగ్గర పాత స్టీరియో యాంప్లిఫయర్ తెచ్చి నడుపుతున్నాను. దాని పేపర్లో 8 ఓమ్స్‌కు 60 వాట్లు, 4 ఓమ్స్‌కు 100 అని రెండూ విడిగా రాశారు. ఎత్తితే నడుం పట్టేసేంత బరువు. సగం గరుకు దాంతోనే పోయింది. వరంగల్ కొత్తవాడ జంపఖానాలు రెండు తెచ్చి పరిచాను. అవి పలచటి నూలువి కదా, ఒట్టివే వేస్తే పెద్దగా తేడా రాలేదు. కింద ఇంట్లో ఉన్న పాత బొంత వేస్తే చప్పట్లు మెత్తబడ్డాయి. మిగిలింది ఆ స్పీకర్ల స్వభావం. ట్రెబుల్ రెండు డెసిబెల్స్ తగ్గించుకుని వింటున్నాను, నాకేం నామోషీ లేదు.

డబ్బు కట్టేముందు మీరు కొనబోయే యాంప్లిఫయర్‌తోనే, కుదిరితే మీ ఇంట్లోనే, కనీసం ఒక పూట వినండి. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి. నా బిల్లు మీద "స్పీకర్ సెట్ 1" అని మాత్రమే ఉంది, మోడల్ నంబర్ లేదు, అందుకే గట్టిగా అడగలేకపోయాను. కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేస్తారు గానీ, దానికి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వాపసు తీసుకోనంటే అది అనుచిత వ్యాపారమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు.

పోయిన వారం అటు వెళ్తే ఆ షాపులో అదే జత, అదే తివాచీ గదిలో మోగుతోంది. ముందు అందరికీ కనబడేలా రిసీవర్ లైట్లు వెలుగుతున్నాయి. స్పీకర్ వైరు మాత్రం కర్టెన్ వెనక్కి, ఇంకేదో పెద్ద యాంప్లిఫయర్‌కు పోతోంది. నేను కొన్న రోజున ఆ వైరు వంక చూడనే లేదు.