హైదరాబాద్‌లో ముత్యాలు కొనాలనుకుంటున్నారా? ఆ ఇరవై రూపాయల ఆటో ఎక్కకండి

సాలార్‌జంగ్ మ్యూజియం బయటికి రాగానే "చార్మినార్, ఇరవై రూపాయలే" అని పిలిచే ఆటోలు కనిపిస్తాయి. అన్నీ అలాంటివే అనను కానీ, వాటిలో కొన్ని ముందు వెళ్లేది చార్మినార్‌కి కాదు, ముత్యాల షోరూంకి. అలా తీసుకెళ్లిన ఒక షోరూంలో మా పిన్నికి ఎంతో అరుదైన బస్రా ముత్యాలని చెప్పి ఏడు వేలకు అంటగట్టిన దండలో ఒక్క ముత్యం కూడా లేదు. పండగ సెలవులకు, పెళ్లి షాపింగ్‌కు హైదరాబాద్ వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాజమండ్రి. మా చెల్లి పెళ్లి కుదిరింది. పిన్నికి ఎప్పటినుంచో హైదరాబాద్‌లో ముత్యాల దండ కొనాలని కోరిక. పరుగులు పెట్టకుండా, నచ్చినచోట కూర్చుని, నచ్చింది తిని, తీరిగ్గా తిరిగొద్దామని ఇద్దరం రాత్రి రైలెక్కాం. మొదటి పూటంతా మ్యూజియంలోనే గడిచిపోయింది. పన్నెండు గంటలకు అక్కడి గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంటలు కొట్టడం చూడాలని చిన్నపిల్లలతో పాటు పిన్ని కూడా బెంచీ మీద ముందే చోటు పట్టుకుంది. (శుక్రవారం మ్యూజియానికి సెలవు. వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి.)

బయటికొస్తే ఎండ మండిపోతోంది. ఒక ఆటో అబ్బాయి వచ్చి, "ఎక్కుండ్రి అమ్మా, ఇరవయ్యే. నడుమ ఒక్క సర్కారీ షోరూం ఉంది, ఐదు నిమిషాలు చూసి రండ్రి. కొనకున్నా ఏం కాదు, మీరు లోపలికి పోతే నాకు పెట్రోల్ కూపన్ ఇస్తరు" అన్నాడు. పాపం, అతనికి కూపన్ వస్తుందంటే మనకేం పోయింది అనుకుంది పిన్ని.

ఇక్కడ ఊరు తెలియనివాళ్లకు ఒక గుర్తు చెబుతాను. మ్యూజియం, చార్మినార్ రెండూ మూసీకి ఒకే పక్కన ఉంటాయి. మదీనా, పత్తర్‌గట్టి మీదుగా నడిచినా ఇరవై నిమిషాల దారి. మధ్యలో నది దాటే పనే లేదు. మా ఆటో మాత్రం నయాపూల్ వంతెన ఎక్కి అటువైపు పోయింది. మ్యూజియం దగ్గర చార్మినార్ అని ఎక్కిన ఆటో వంతెన ఎక్కిందంటే మీరు వెళ్తున్నది ఇంకెక్కడికో.

షోరూంలో ఏసీ, మెత్తటి సోఫాలు, కప్పుల్లో చాయ్. గోడల మీద నిజాం నవాబుల ఫొటోలు. బోర్డు మీద ప్రభుత్వ అనుమతి ఉందని పెద్దక్షరాలు. ఆ మాటకు అర్థం లేదు. జీఎస్టీ నంబరు తీసుకున్న కిరాణా కొట్టుకీ ప్రభుత్వ అనుమతి ఉన్నట్టే. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి లేపాక్షి ఎలాగో తెలంగాణ ప్రభుత్వానికి గోల్కొండ పేరుతో నడిచే హస్తకళల షోరూంలు అలాగ. ఆటో డ్రైవర్ సర్కారీ షోరూం అంటే ఆ పేరు ఉందో లేదో చూడండి.

సేల్స్‌మాన్ మా మాట వినగానే, "గోదావరి జిల్లావాళ్లా అమ్మా? మా ఆవిడది కాకినాడే" అన్నాడు. నిజమేనేమో, నాకు తెలియదు. పిన్ని మాత్రం అప్పటినుంచీ అతన్ని బాబూ అనే పిలిచింది. అతను నిజాం వేసుకున్న ఏడు పేటల సత్లడా హారం కథ చెప్పి, అలాంటి బస్రా ముత్యాలే ఇవీ అని ఒక ట్రే తెచ్చాడు.

ఈ బస్రా మాట వినగానే లేచి వచ్చేయొచ్చు. బస్రా ముత్యాలంటే పర్షియా గల్ఫ్‌లో గజ ఈతగాళ్లు మునిగి తీసిన సహజ ముత్యాలు. 1893లో జపాన్‌లో మికిమోటో అనే ఆయన ఆల్చిప్పల్లో ముత్యాలు పెంచడం సాధించాక, అటు గల్ఫ్‌లో చమురు పడ్డాక ఆ వ్యాపారమే మూలబడింది. సత్లడా సహా నిజాం నగలు 173 వస్తువుల్ని 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లకు కొని రిజర్వ్ బ్యాంకు ఖజానాలో పెట్టింది. అలాంటి సరుకు ఏడు వేలకు ట్రేలో పెట్టి ఎవరూ అమ్మరు. హైదరాబాద్‌కి సముద్రం లేదు, ముత్యాలు పండవు. ఈ ఊరి పేరు నిలబడింది ముత్యానికి రంధ్రం వేయడం, మెరుగు పెట్టడం, జత కుదిర్చి గుచ్చడం అనే పనితనం మీద. ఇవాళ అక్కడ మనం కొనేవాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చే మంచినీటి కల్చర్డ్ (ఆల్చిప్పల్లో పెంచిన) ముత్యాలే. అందులో తప్పేమీ లేదు, అవీ అసలు ముత్యాలే. వాటిని వాటి పేరుతో, వాటి ధరకు అమ్మితే చాలు.

ఆ తర్వాత లైటర్ బయటికొచ్చింది. అందరూ పడిపోయేది ఇక్కడే. ఒక పూసను చిమటాతో పట్టుకుని మంట మీద పెట్టాడు, తుడిచి చూపించాడు, చెక్కుచెదరలేదు. "ప్లాస్టిక్ అయితే కరిగిపోవాలి కదమ్మా" అన్నాడు. కరిగిపోవాలి, నిజమే. కానీ గాజు పూస కరగదు కదా! ఆ పరీక్షతో తేలేది అది ప్లాస్టిక్ కాదని మాత్రమే. పైగా అసలు ముత్యానికి మంట తగిలితే అదే పాడవుతుంది, తన సరుకు మీద ప్రేమ ఉన్న వ్యాపారి ఆ పని చేయడు. తర్వాత చాకుతో గీకి తెల్లపొడి రాలడం చూపించాడు. మంటకు కాలిన పూస వేరు, గీకిన పూస వేరు, పిన్ని మెడలో వేసి అద్దం చూపించిన దండ వేరు. పరీక్ష చేసిన పూస మన దండలోది కానప్పుడు ఎన్ని పరీక్షలు చేస్తే ఏం లాభం?

లేబుల్ మీద పద్నాలుగు వేలు, మాకోసం సగానికి సగం తగ్గింపు. కార్డు గీకారు, బిల్లు మడిచి డబ్బాలో పెట్టి, డబ్బాను వెల్వెట్ సంచీలో పెట్టి, సంచీకి ముడి వేసి ఇచ్చారు. బయట మా ఆటో అబ్బాయి నవ్వుతూ ఎదురుచూస్తున్నాడు. ఆ కూపన్ ఎంతో గానీ, అది మేం కట్టిన ఏడు వేలల్లోంచే పోయిందని వేరే చెప్పాలా?

మర్నాడు పత్తర్‌గట్టి వెళ్లాం, ఆ దండకు జతగా చెవులకు దుద్దులు చూద్దామని. రాతి కమానుల కింద కొట్లు వరసగా ఉంటాయే, అక్కడి ఒక చిన్న కొట్టులో ఒక పెద్దాయన దండ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, ఏమీ మాట్లాడకుండా కంటికి భూతద్దం బిగించుకున్నారు. ఒక పూసను పక్కకు జరిపి దాని రంధ్రం నన్ను చూడమన్నారు. గోడకు సున్నం పెచ్చులూడినట్టు రంధ్రం అంచు చుట్టూ పైపూత లేచిపోయి ఉంది. లోపల గాజు తళుక్కుమంటోంది. తర్వాత తన పెట్టెలోంచి ఒక మంచినీటి ముత్యం తీసి అదే అద్దంలో చూపించారు. పైనుంచి లోపలిదాకా ఒకటే తెలుపు, అంచు నున్నగా ఉంది. "బిడ్డా, దీన్ని పంటికి రాసి చూడు" అన్నారు. సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడింది. పిన్ని దండలో పూస జర్రున జారిపోయింది. ఇంకో మాట కూడా చెప్పారు. ఆ ధరలో వచ్చే ముత్యాలు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉండవట. ఒకటి కాస్త కోల, ఒకటి కాస్త చప్పిడి, ఒకదాని మీద చిన్న గాటు ఉండాల్సిందే. పిన్ని దండలో ప్రతి పూసా గుండ్రంగా ఒకే సైజులో ఉంది. మాకు షోరూంలో నచ్చిందీ అదే!

పిన్ని ముఖం చూసి ఆయన టీ తెప్పించారు. కానీ నకిలీ అని రాసివ్వమంటే మాత్రం చేతులు జోడించారు. అదే ఊళ్లో వ్యాపారం చేసుకునే మనిషి, అర్థం చేసుకోగలను.

అక్కడినుంచి నేరుగా షోరూంకి వెళ్లాం. కాకినాడ అల్లుడు ఆ రోజు సెలవట. కౌంటర్‌లో ఉన్నతను దండ వైపు చూడనైనా చూడలేదు, బిల్లు అడిగాడు. చేత్తో చూపిస్తూ, "మేడమ్, మేం ముత్యాలని ఎక్కడ రాశాం?" అన్నాడు.

నిజంగానే రాయలేదు. సరుకు పేరు దగ్గర "నెక్లెస్" అని ఒక్క మాట. పక్కన 7117 అనే అంకె. జీఎస్టీ బిల్లులో సరుకు పక్కన ఉండే ఆ అంకెను హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంటారు. 7101 అంటే విడి ముత్యాలు, సహజమైనవైనా కల్చర్డ్ అయినా. 7116 అంటే ముత్యాలతో, రత్నాలతో చేసిన వస్తువులు. బంగారంలోనో వెండిలోనో పొదిగిన నగ అయితే 7113. ఇక 7117 అంటే ఇమిటేషన్ జ్యువెలరీ. అంటే నోటితో బస్రా అన్నారు, కాగితం మీద నకిలీ అని నిజాయితీగా రాసుకున్నారు! పన్ను శాతం చూసి పట్టుకుందామన్నా కుదరదు, అసలుకీ నకిలీకీ రెండింటికీ మూడు శాతమే. బిల్లు మీద కంపెనీ పేరు కూడా బయట బోర్డు మీద ఉన్నది కాదు. కింద మామూలే, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఒక లైను.

కాబట్టి ఏ షాపులోనైనా సరే, కార్డు ఇవ్వకముందే బిల్లు అడగండి. "కల్చర్డ్ ముత్యాలు" అని అక్షరాలా రాయమనండి, బరువు రాయమనండి, కోడ్ చూడండి. 7117 కనిపిస్తే ఇక మాట్లాడక్కర్లేదు. తెలంగాణ షాపు జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, మొత్తం పదిహేను అక్షరాలుంటాయి. ఫోన్‌లోనే జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అది ఎవరి పేరు మీద ఉందో వచ్చేస్తుంది. రాయడానికి షాపువాళ్లు నసిగితే మీకు జవాబు దొరికినట్టే. పత్తర్‌గట్టిలో ఆ పెద్దాయన దగ్గర చివరికి చెల్లికి ఒక చిన్న దండ కొన్నాం. ఆయన మేం అడక్కముందే ఇవన్నీ రాశారు. ధర మాత్రం వంద రూపాయలు కూడా తగ్గించలేదు!

వాపసు లేదన్న ఆ లైను చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం అక్రమ వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమూ అంతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షలలోపు కొనుగోలుకు ఫీజు లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది, కేసు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు. కొత్త చట్టంలో మనం ఉండే ఊళ్లోనే వేసుకోవచ్చు. బయటి ఊరివాళ్లు మళ్లీ రారులే అన్న ధీమాతోనే ఈ వ్యాపారం నడుస్తోంది. మన ఊళ్లోంచే కేసు వేయగలమన్న సంగతి వాళ్లకు తెలిసేలా చేయడం మన చేతిలో ఉంది.

ఇంతా చెప్పి హైదరాబాద్ వెళ్లొద్దని అనడం లేదు. లాడ్ బజార్‌లో గాజుల కోసం పిన్ని ఆడిన బేరం చూడాల్సిందే. నాలుగొందలన్నవాడు రెండొందలకు దిగాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. అది మోసం కాదు. లక్క గాజును లక్క గాజు అనే చెప్పి అమ్మాడు, కావాలంటే నిప్పుల మీద లక్క ఎలా సాగదీస్తారో చూపించాడు కూడా. చార్మినార్ పక్కన ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిన్నాం. పాతబస్తీకి మెట్రోలో వెళ్లాలంటే ఎంజీబీఎస్ స్టేషన్లో దిగండి, అక్కడినుంచి యాప్‌లో ఆటో బుక్ చేసుకుంటే దారి, డబ్బు రెండూ ముందే తెలుస్తాయి.

మా సంగతి ఇప్పటికి ఇలా ఉంది. 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదైంది. తర్వాత షోరూం నుంచి ఫోన్ చేసి, దండ తెస్తే వేరేది మార్చిస్తామన్నారు. పిన్ని కుదరదంది, డబ్బే కావాలంది. పూసల్ని రత్నాల ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ఇమిటేషన్ అని రిపోర్టు తీసుకుని, బిల్లు, కార్డు స్లిప్పు జతచేసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపాం. కేసు తేలేదాకా పేరు రాయొద్దని మా వకీలు చెప్పారు కాబట్టి షోరూం పేరు ఇక్కడ రాయడం లేదు. మీకూ ఇలాగే జరిగి ఉంటే దండ తెంపకండి, దారం మార్పించకండి, ఆ డబ్బా, సంచీ కూడా పారేయకండి. అన్నీ సాక్ష్యాలే.