వార్డు డెస్కా, ఇన్సూరెన్స్ డెస్కా: ఆసుపత్రిలో ఏది మేలు?

డిగ్రీ అయిపోయి ఆసుపత్రి ఉద్యోగాలకు వస్తున్న అమ్మాయిలు నన్ను పదేపదే అడిగేది ఇదే. "అక్కా, వార్డు సెక్రటరీ, ఇన్సూరెన్స్ డెస్కు రెండూ ఖాళీ ఉన్నాయట. ఏది తీసుకోమంటావు?" వార్డు సెక్రటరీ అంటే ఆంధ్రలో సచివాలయం ఉద్యోగం అనుకుంటారు. నేను చెప్పేది నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని ఫైళ్లు, ఇండెంట్లు (మందులు, సామాన్లు కావాలని పెట్టే చీటీలు), డిశ్చార్జులు చూసే పని గురించి. ఇన్సూరెన్స్ డెస్కు అంటే పేషెంట్ల కాగితాలు బీమా కంపెనీకి పంపి బిల్లుకు అనుమతి తెప్పించే పని. హైదరాబాద్‌లో నేను రెండూ చేశాను. ఈమధ్యే మళ్లీ వార్డుకు వచ్చేశాను.

మొదట్లో జీతంలో పెద్ద తేడా ఉండదు. తర్వాత్తర్వాత ఇన్సూరెన్స్ డెస్కు వాళ్లకే దారులు ఎక్కువ. క్లెయిముల పని వస్తే టీపీఏల్లోనూ (బీమా కంపెనీల తరఫున క్లెయిములు చూసే సంస్థలు), బీమా కంపెనీల్లోనూ తీసుకుంటారు. పైగా కూర్చుని చేసే పని. వార్డులో కాళ్లు లాగేస్తాయి. ఒకపక్క ఫోను మోగుతుంటే, ఇంకోపక్క సిస్టర్ స్కాన్ టైము అడుగుతుంది, పేషెంట్ తాలూకు వాళ్లు రిపోర్టు అడుగుతారు.

అయినా నేను వార్డుకే ఓటేస్తాను. కారణం డిశ్చార్జ్.

పొద్దున రౌండ్స్‌లో డాక్టరు గారు "ఇంటికెళ్లొచ్చు" అంటారు. ఆ మాటకూ, పేషెంట్ లిఫ్టు ఎక్కడానికీ మధ్య చాలా ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీ (జబ్బు, చికిత్స వివరాలు రాసే కాగితం) టైపు కావాలి, సంతకం కావాలి, వాడని మందులు ఫార్మసీకి రిటర్న్ వెళ్లాలి, అప్పుడు ఫైనల్ బిల్లు. అదీ సమ్మరీ కలిపి బీమా కంపెనీకి పంపాలి. డిశ్చార్జ్ రిక్వెస్టు అందిన మూడు గంటల్లో కంపెనీ తేల్చాలని 2024 మేలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. కానీ ఆ గడియారం మన కాగితాలు వెళ్లాకే మొదలవుతుంది.

ఇన్సూరెన్స్ డెస్కులో ఉన్నప్పుడు ఒక పెద్దాయన హెర్నియా కేసు వచ్చింది. కేస్ షీట్‌లో ఒకచోట షుగర్ ఎనిమిదేళ్లుగా అని, ఇంకోచోట పద్దెనిమిదేళ్లుగా అని ఉంది. ఏది నిజమని కంపెనీ నుంచి క్వెరీ. వార్డుకు ఫోన్ చేస్తే డాక్టరు ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నారన్నారు. పదకొండింటికే బ్యాగులు సర్దుకున్న కూతురు సాయంత్రం దాకా నా కౌంటరు అద్దం ముందే నిలబడింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర "ఇంకా రాలేదమ్మా" తప్ప ఏమీ లేదు.

వార్డుకు వచ్చిన నెలలోనే అలాంటిదే ఇంకో ఫైలు నా చేతిలో పడింది. బీపీ ఎన్నేళ్లుగా ఉందో రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉంది. ఫైలు పట్టుకుని డ్యూటీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పేషెంట్‌నూ, ఆమె భర్తనూ మళ్లీ అడిగి, సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. ఐదు నిమిషాల పని. ఆమె మధ్యాహ్నం అన్నం వేళకల్లా ఇంట్లో ఉంది.

తప్పు పుట్టేచోటే ఉంటే సరిచేయగలం. దూరంగా కూర్చుంటే మాట పడటమే మిగులుతుంది. ఆ టెన్షన్ ఇంటిదాకా వచ్చేది నాకు.

ఫ్రంట్ ఆఫీసు గురించీ అడుగుతారు. మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే సరే, ఆసుపత్రి పని లోతు మాత్రం తెలియదు. మెడికల్ రికార్డ్స్ ప్రశాంతంగా ఉంటుంది.

ఇంటర్వ్యూలో రెండు సంగతులు అడగండి. ఒక సెక్రటరీకి ఎన్ని పడకలు? సమ్మరీలు టైపు చేయడానికి వేరే మనిషి ఉన్నారా? ముప్ఫై పడకల లోపు అయితే కళ్లు మూసుకుని వార్డులో చేరండి. రెండు ఫ్లోర్లు ఒక్కరికే అప్పగించి, సమ్మరీలు కూడా మీరే కొట్టాలంటే మాత్రం వద్దు. అప్పుడు ఏ ఫైలునూ తిరగేసే తీరిక ఉండదు. అలాంటిచోట ఇన్సూరెన్స్ డెస్కే తీసుకోండి.