తేలినీలాపురం పరిణామ నడక: వెళ్ళండి, కానీ చింతపిక్కల ఆట దగ్గర జాగ్రత్త

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురంలో, జీవపరిణామాన్ని (జీవులు తరతరాలుగా మారడాన్ని) పిల్లలకు పక్షులూ చెట్ల మధ్యే చూపిస్తూ ఒక సైన్సు బృందం ఆదివారాలు నడిపే ఈ నడకకు డిసెంబరు, జనవరిలో వెళ్ళాలి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గూళ్ళు కట్టుకుంటాయి. డిసెంబరు నాటికి గూళ్ళలో పిల్లలుంటాయి, మార్చి దాటాక చెట్లు ఖాళీ అవుతాయి. పిల్లలున్నప్పుడు చూస్తేనే ఈ పాఠం పూర్తిగా అర్థమవుతుంది. ఉదయం ఆరున్నరకు చింతచెట్ల కింద మొదలై, పొలంగట్లు, జీడితోట మీదుగా సాగి, చివర ఆటోలో నౌపడ ఉప్పుమడులకు చేరి ముగుస్తుంది. మొత్తం మూడు గంటలు. ఇరవై మందికి మించితే ఒక్క గైడు గొంతు సరిపోదు.

నడకలో బాగా కుదిరింది మొదటి అరగంట. ఈ జిల్లాలో ఎవరినడిగినా వీటిని సైబీరియా పక్షులంటారు. కాదని గైడు ముందే చెప్పేయడు. 'గూట్లో ఏముంది?' అని అడుగుతాడు. పిల్లలున్నాయని అందరూ చెప్పాక, చలికి తాళలేక దక్షిణానికి వచ్చే పక్షి గుడ్లు ఎక్కడ పెడుతుందో ఆలోచించమంటాడు. వలస పక్షి పిల్లల్ని పెంచేది వేసవిలో తన ఉత్తరాది నెలవులోనే. ఇక్కడికి వచ్చేది చలికాలం గడపడానికి, తిండి కోసం. గూడు ఇక్కడుందంటే ఇది దాని పుట్టిల్లే. ఈ గూడబాతులూ కొంగలూ దక్షిణాసియా పక్షులు, సైబీరియాలో ఇవి ఉండవు. కళ్ళెదుటి ఆధారం నుంచి మాట పుట్టించడం సైన్సు బోధనలో అన్నిటికంటే కష్టమైన పని. అది ఇక్కడ చక్కగా జరుగుతోంది.

తర్వాత కాళ్ళ పాఠం. గూడబాతుకు నాలుగు వేళ్ళనూ కలుపుతూ చర్మం ఉంటుంది. చెరువులో కనిపించే నీటికాకికీ అంతే. ఈ పోలికనుబట్టే చాలాకాలం రెంటినీ ఒకే క్రమంలో (ఆర్డర్, అంటే దగ్గరి చుట్టాలైన కుటుంబాల గుంపులో) ఉంచారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక నీటికాకి వేరే క్రమానికి పోయింది, మామూలు కొంగలూ కంకణం పక్షులూ (ఐబిస్‌లు) గూడబాతుల పక్కన చేరాయి. పక్కకొమ్మ మీది ఎర్రకాళ్ళ కొంగ మాత్రం మరో క్రమానిది. ఒకే చెట్టు పంచుకున్నంత మాత్రాన చుట్టరికం కాదు, పాదం ఒకేలా ఉన్నంత మాత్రానా కాదు. ఇక్కడ గైడు తొందరపడుతున్నాడు. బైనాక్యులర్ అందరి చేతులూ తిరిగి పాదం కనబడేదాకా ఆగాలి. 8x42 రకం (8 రెట్లు పెద్దగా చూపేది) సరిపోతుంది. 12 రెట్లు పెద్దగా చూపేవి పిల్లల చేతిలో వణుకుతాయి, బొమ్మ నిలవదు.

పొలంగట్టు దగ్గర ఒక తప్పు దొర్లింది. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను అడకత్తెరతో నొక్కినట్టు పగలగొట్టడానికే ఆ సందు అని చెప్పారు. జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్లీ అంతటివాడూ అలాగే అనుకున్నాడు కానీ తర్వాతి పరిశీలనలు దాన్ని తోసిపుచ్చాయి. కొంగ కింది దవడ కొనను గుల్లలోకి దూర్చి, కండను కోసి నత్తను బయటికి లాగుతుంది. కొంగలు తిని వదిలిన గుల్లలు గట్టు మీదే దొరుకుతాయి, వాటిలో చాలావాటికి పగులు ఉండదు. వాటిని ఏరి పిల్లల చేతిలో పెడితే సరిపోయేది. ఇంకో సంగతి: పిల్ల కొంగకు ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది.

జీడితోట మజిలీ చిన్నదే, కానీ చక్కనిది. జీడిమామిడి బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన చెట్టు. వృక్షశాస్త్రం దాన్ని మామిడి కుటుంబంలో చేర్చింది. మన భాష పేరులోనే చేర్చుకుంది, పైగా మామిడి సొనను కూడా మనం జీడి అనే అంటాం. పండులా కనిపించేది నిజానికి ఉబ్బిన తొడిమ, అసలు కాయ కింద వేలాడేది. తొడిమ తీపి జంతువులను పిలవడానికి, పెంకులోని మంట పుట్టించే నూనె గింజను కాపాడుకోవడానికి.

ఇక చింతపిక్కల ఆట. పిల్లలు ఇంటికి మోసుకెళ్ళేది దీన్నే కాబట్టి వివరంగా చెప్పాలి. ఇసుక పోసిన పళ్ళెంలో చింతపిక్కలు, కందులు, బఠానీలు తలా 100 వేస్తారు. ఇరవై మంది పిల్లలకు చెంచా, ట్వీజర్, బట్టల క్లిప్పు, రెండు పుల్లలు ఐదేసి చొప్పున పంచుతారు. అవే వాళ్ళ ముక్కులు. 30 సెకన్లలో పది గింజలు ఏరినవాళ్ళు బతికినట్టు. ఇంతవరకు బాగుంది. రెండో ఆటలో ఓడినవాళ్ళను 'నచ్చిన ముక్కు తీసుకోండి' అన్నారు. ఆ ఒక్క మాటతో ప్రకృతి వరణం (పనికొచ్చే లక్షణం ఉన్నవే ఎక్కువగా బతికి సంతతిని పెంచుకోవడం) తలకిందులైంది. అవసరం పడింది కాబట్టి కొంగ ముక్కు మార్చుకుంది అనే అపోహ పిల్లల్లో నాటుకునేది ఇక్కడే.

సరైన పద్ధతి ఇది. రెండో తరంలో ముక్కులను ఎంచుకోనివ్వకూడదు, బతికినవాళ్ళ నిష్పత్తిలో పంచాలి. పది మంది బతికి, అందులో చెంచాలు 5, ట్వీజర్లు 3, క్లిప్పులు 2 అయితే, రెండో ఆటలో ఇరవై మందికి 10, 6, 4 ఇవ్వాలి. పుల్లల జాతి అంతరించినట్టు. ఏ ముక్కూ మారలేదు, మారింది గుంపులో వాటి వాటా. మూడో ఆటలో కందులను సన్న మూతి సీసాలో పోసి మిగతా గింజలు తీసేయాలి. చెంచా దూరదు, ట్వీజర్ గెలుస్తుంది. అలా చేయకపోతే చెంచాయే ఉత్తమమైన ముక్కు అనుకుని పిల్లలు వెళ్ళిపోతారు.

ఈ వాటాల లెక్కను 1924 నుంచి గణితంగా మలిచినవారిలో ముఖ్యుడు బ్రిటన్‌లో పుట్టిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. భారత పౌరసత్వం తీసుకున్నాడు, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు, దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఆ రెండు ఊళ్ళ మధ్య దారిలో నిలబడి ఈ ఆట ఆడిస్తూ ఆయన పేరు తలవకపోవడం పెద్ద లోటు. 2023లో ఎన్సీఈఆర్టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. అందుకే ఇలాంటి నడకలో తప్పు దొర్లితే దిద్దే చోటు పిల్లలకు మరొకటి సులువుగా దొరకదు.

ఉప్పుమడుల పక్కన కాలాన్ని తాడుతో చూపిస్తారు. 46 మీటర్ల తాడు భూమి వయసు, మీటరుకు పది కోట్ల ఏళ్ళు. తూర్పు కనుమల ఖోండలైటు రాయి చివరి నుంచి, అంటే నేటి నుంచి వెనక్కి, సుమారు పది మీటర్ల దగ్గర విపరీతమైన వేడికి మారి ఈ రూపానికి వచ్చింది, అందుకే మన కొండల్లో శిలాజాలు వెతికినా దొరకవు. ఫ్రాన్సులో దొరికిన గూడబాతు శిలాజం చివరి నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర. దాని ముక్కు ఇప్పటి ముక్కులాగే ఉంది. మనిషి జాతి ఆఖరి మూడు మిల్లీమీటర్లు. కొబ్బరితాడు లాగితే సాగి గుర్తులు జరిగిపోతాయి, అంతగా సాగని తాడు మీద రంగుతో గుర్తులు పెట్టుకోవాలి.

గొడుగు తప్పదు, రెట్టలతో పాటు పిల్లలకు పెట్టబోయి జారిన చేపలూ మీద పడతాయి. ఎరుపు, తెలుపు బట్టలు వద్దు, ఫ్లాష్ అసలే వద్దు. చప్పుడుకు తల్లి లేచిపోతే కాకులు గుడ్లెత్తుకుపోతాయి, ఎండకు పసికూనలు వాడిపోతాయి. కింద పడిన పిల్లను చేత్తో తీయకుండా ఊరివాళ్ళకో అటవీ సిబ్బందికో చెప్పండి. రైల్లో వచ్చేవాళ్ళకు నౌపడ జంక్షన్ దగ్గరవుతుంది, బస్సువాళ్ళు టెక్కలిలో దిగాలి. నత్తగుల్ల కొంగలను గూటి మీదే చూడాలంటే ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచికి వానాకాలంలో వెళ్ళాలి.