ఘాట్ రోడ్డులో ఆటోమేటిక్ కారుకు డి మంచిదా, మాన్యువలా?

శ్రీకాకుళం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద అయితే గేర్లు వాటంతటవే మారే డి (డ్రైవ్) చాలు, గేరు మనమే ఎంచుకునే మాన్యువల్ మోడ్ జోలికి వెళ్లక్కర్లేదు. అసలు తేడా విజయనగరం నుంచి ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాక తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు డిలో, మలుపు దగ్గర కాలు తీయగానే చాలా బళ్లు పై గేరు వేసేస్తాయి. మళ్లీ తొక్కితే కింది గేరు పడేదాకా లాగుడు ఉండదు. మాన్యువల్‌లో రెండో గేరులో ఉంచితే ఆ ఇబ్బంది లేదు.

దిగేటప్పుడు మాత్రం నా ఓటు పూర్తిగా మాన్యువల్‌కే. డిలో కాలు బ్రేకు మీదే ఉంటుంది. ప్యాడ్లు వేడెక్కి మాడు వాసన వస్తుంది, ఆపైన బ్రేకు పట్టే తగ్గిపోతుంది. గేరు లివర్‌ను గేరు తగ్గించే మైనస్ గుర్తు వైపు నెట్టి రెండులో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. మోత పెరిగిందని కంగారు పడొద్దు, ఇంజను వేగం చూపే మీటరులో ముల్లు ఎర్రగీత దాకా వెళ్లనంతవరకు ఇంజనుకేమీ కాదు. వేగం ఎక్కువుంటే బండి కింది గేరు తీసుకోదు, కాబట్టి ముందు బ్రేకు, తర్వాతే గేరు. న్యూట్రల్‌లో మాత్రం దయచేసి దిగొద్దు.