టోటల్ పీఎస్‌ఏనా, ఫ్రీ పీఎస్‌ఏనా?

మా నాన్నగారు రాత్రుళ్లు మూత్రానికి నాలుగైదుసార్లు లేచేవారు. రక్తపరీక్షలో పీఎస్‌ఏ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రోటీన్) 6.2 వచ్చింది, పక్కనే నల్లటి అక్షరాల్లో ‘హై’ అని అచ్చు. ఆ ఒక్క మాటకి ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

టోటల్ పీఎస్‌ఏ, అంటే రక్తంలోని మొత్తం పీఎస్‌ఏని కొలిచే పరీక్ష. ఖర్చు తక్కువ, చాలా ల్యాబుల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాముల దాకా ఫరవాలేదన్నది పాత లెక్క. కానీ ఈ ప్రోటీన్‌ను తయారుచేసేది ప్రోస్టేట్ క్యాన్సరొక్కటే కాదు, మామూలు ప్రోస్టేట్ కూడా. వయసుతో గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మూత్రం కోసం కేథటర్ గొట్టం వేసినా పెరుగుతుంది. ప్రోస్టేట్ వాపుకిచ్చే ఫినాస్టెరైడ్ మందు ఆర్నెల్లు వాడితే సుమారు సగానికి పడిపోతుంది. ఆ సంగతి డాక్టరుకి చెప్పకపోతే తక్కువ అంకె చూసి మోసపోతాం.

4 నుంచి 10 మధ్య చిక్కుకున్నవాళ్లకే ఫ్రీ పీఎస్‌ఏ అక్కరకొస్తుంది. రక్తంలో పీఎస్‌ఏ కొంత వేరే ప్రోటీన్లకు అతుక్కుని, కొంత విడిగా తిరుగుతుంది. క్యాన్సర్ ఉంటే ఈ విడి వాటా తగ్గుతుంది. అది 25 శాతం దాటితే మామూలు వాపే అయ్యే అవకాశం ఎక్కువ, 10 లోపైతే అనుమానం బలపడుతుంది. నాన్నగారి ఫ్రీ పీఎస్‌ఏ 1.6, అంటే టోటల్ 6.2లో దాదాపు 26 శాతం. అయితే నమూనా ల్యాబుకి ఆలస్యంగా చేరితే ఈ అంకె తప్పుగా తగ్గిపోవచ్చు.

నేనైతే మొదట టోటల్ చాలంటాను. ఎక్కువొస్తే కొన్ని వారాలాగి మళ్లీ చేయించండి, అప్పుడూ ఆ మధ్యలోనే ఉంటే ఫ్రీ కూడా అడగండి. డాక్టరు వేలితో చేసే పరీక్షలో గట్టి గడ్డ తగిలితే మాత్రం, శాతం ఎంత బావున్నా ఎంఆర్‌ఐ, బయాప్సీ వాయిదా వేయకండి.