చక్రం ఊపి చూపిస్తే నమ్మేయకండి, ముందు నట్లు చూడండి

చేతుల గ్రీజు ఇంకా వదల్లేదు, కోపం అసలే వదల్లేదు. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

ఆ షాపు మనలో చాలామందికి తెలుసు. పేరు రాయను, రాస్తే పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కార్ల పార్టులు అమ్మి, తనే బిగించి పంపే పెద్దమనిషి. నాలుగేళ్లుగా ఆయిల్ మార్పించడానికి అక్కడికే వెళ్తున్నాను. ఆఫీసులో ఇద్దర్ని నేనే పంపాను కూడా. ఇప్పుడు వాళ్ల ముఖం చూడలేకపోతున్నా.

నాది 2014 ఆల్టో 800. నెల రోజులుగా ముందువైపు గలగలమంటోంది. డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు ఉంటుంది. మా ఆవిడ పోరు పడలేక శనివారం తీసుకెళ్లాను.

కుర్రాడు ఎడమ చక్రం దగ్గర కూర్చుని క్యాప్ పీకి, స్పానర్ పెట్టాడు. ఏం చేస్తున్నావని అడిగితే, "చక్రం తీయాల్సి వస్తదేమో సార్, నేల మీద ఉన్నప్పుడే నట్లు కదిపి ఉంచుతున్నా" అన్నాడు. పద్ధతి అదే, కాదనను. నాకూ తెలుసని తల కూడా ఊపాను. జాకీ ఎత్తాక ఓనరు స్వయంగా వచ్చాడు. టైరు పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. టక్ టక్. నా కళ్ల ముందే చక్రం ఊగింది. "మీరూ పట్టుకు చూడండి సార్" అన్నాడు. చూశాను, నా చేతుల్లోనూ ఊగింది. టార్చ్ కూడా నాదే, నా ఫోన్‌తో నేనే వెలుగు చూపించాను.

"లోయర్ ఆర్మ్‌లు పోయాయి సార్. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచేవి అవే. వాటి చివర కీలు, అదే బాల్ జాయింట్, ఎప్పుడు ఊడుద్దో చెప్పలేం. పిల్లల్ని ఎక్కించుకుంటారా ఇందులో?"

ఆ ఒక్క ప్రశ్నతో నా పని అయిపోయింది.

రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు, షాకబ్జార్లు, అలైన్‌మెంట్, కూలి అన్నీ కలిపి 11,800. నగదైతే తగ్గించి ఆ రేటు అన్నాడు. నేను ఏటీఎంకి పరిగెత్తి మరీ తెచ్చిచ్చాను, చదువుకున్నవాణ్ణి కదా. పాత పార్టులు ఇవ్వమంటే "స్క్రాప్‌కి పోయాయి సార్" అన్నాడు. విప్పి రెండు గంటలు కాలేదు, అప్పుడే స్క్రాప్!

బయటికొచ్చి బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగాను. గలగల. అదే డబ్బా, అవే మేకులు. బండి ఆగి ఉంది. నిలబడ్డ బండిలో లోయర్ ఆర్మ్ ఎలా మోగుతుందిరా అని అప్పుడైనా బుర్ర వెలగాలిగా. ఏసీ వేస్తే చప్పుడు మారడం కూడా నెల నుంచి వింటూనే ఉన్నాను. ఫోన్ చేస్తే "కొత్త పార్టులు సార్, సర్దుకోవాలి, వంద కిలోమీటర్లు తిప్పండి" అన్నాడు. సరేనన్నాను.

బుధవారం పిల్లలతో గుంటూరు వెళ్లొచ్చాం. వచ్చేటప్పుడు ఎడమవైపు కొత్తగా దడదడ మొదలైంది. ఇంటి ముందు ఆపి క్యాప్ పీకితే నాలుగు నట్లలో రెండు వేళ్లతో తిరుగుతున్నాయి. కాళ్లు వణికాయి. జాకీ ఎత్తి, ఎందుకో చక్రం పైనా కిందా పట్టుకుని ఊపాను. టక్ టక్. శనివారం నాకు చూపించిన అదే ఊపు, అదే చప్పుడు, కొత్త లోయర్ ఆర్మ్‌లు వేశాక కూడా! నట్లు బిగించి మళ్లీ ఊపితే చక్రం రాయిలా నిలబడింది. ఆ రోజు ఊగింది లోయర్ ఆర్మ్ కాదు. నా ముందే నట్లు వదులు చేసి, నా చేతే ఊపించి, నా చేతే డబ్బులు కట్టించుకున్నారు.

ఫోన్ చేసి అడిగాను. డబ్బు చేతిలో పడేదాకా సార్, మీరు. ఇప్పుడేమో: "అంత తెలిసినోడివి నువ్వే చేసుకోవచ్చుగా, మా దగ్గరికెందుకొచ్చావ్?" కట్ చేశాడు.

సరే, ఆయన మాట ఎందుకు కాదనాలి? గురువారం పొద్దున్నే, సైలెన్సర్ చల్లగా ఉన్నప్పుడు, బండి పక్కన చాప పరుచుకుని పడుకున్నాను. చెయ్యి చాపి సైలెన్సర్ గొట్టం మీద వేడిని అడ్డుకోడానికి ఉండే రేకుని పిడికిలితో ఒకటిచ్చాను. గల్లుమంది. నెల రోజులుగా నన్ను తిన్న చప్పుడు అదే. బోల్టు రంధ్రాన్ని తుప్పు తినేసింది, రేకు ఒకవైపు వేలాడుతోంది. మూడు సిలిండర్ల ఇంజిన్, ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, వణుకు ఎలాగూ ఉంటుంది. ఆ వణుక్కి రేకు గొట్టానికి కొట్టుకుంటోంది, అంతే. ఏసీ వేస్తే ఇంజిన్ మీద లోడు పడి వణుకు మారుతుంది, దాంతో చప్పుడూ మారుతుంది. హార్డ్‌వేర్ షాపులో పెద్ద స్టీల్ హోస్ క్లిప్పు 60 రూపాయలు. రేకునీ గొట్టాన్నీ కలిపి చుట్టి స్క్రూ బిగించాను. పది నిమిషాల పని. స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియక స్టీరింగ్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నా.

మీరైనా జాగ్రత్తపడండి. బండి కదలకుండానే మోగుతుంటే ముందుగా సైలెన్సర్ రేకు, సైలెన్సర్‌ని వేలాడదీసే హ్యాంగర్లు, నంబర్ ప్లేటు తట్టి చూడండి. గతుకుల్లో మాత్రమే మోగితే డిక్కీలో జాకీ, స్టెప్నీ వదులయ్యాయేమో చూశాకే షాపుకి వెళ్లండి. ఎవరైనా చక్రం ఊపి చూపిస్తే, నట్లు బిగించి మళ్లీ ఊపమనండి. అప్పటికీ పైనా కిందా ఊగితే ఒకర్ని బ్రేక్ తొక్కమనండి. ఊపు ఆగిపోతే చక్రం లోపలి బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ మీద అనుమానపడాలి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూసుకోండి. జాకీని నమ్మి మాత్రం కిందికి దూరకండి. పాత పార్టులు డిక్కీలో వేయించుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేద్దామని కూర్చున్నాను. బిల్లేది? 11,800కి ఆయన ఇచ్చింది క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో గీకిన లెక్క. 60 రూపాయల క్లిప్పుకి హార్డ్‌వేర్ షాపాయన అడక్కుండానే బిల్లు చేతిలో పెట్టాడు.