వరి ఆకు గీసిన కన్ను: ఫంగసా, బ్యాక్టీరియానా?

శ్రీకాకుళం పల్లెల్లో కోతలప్పుడు కంట్లో వరి ఆకో, ఊకో తగలడం మామూలే. ఫంగస్ లోపలికి దూరేది ఎక్కువగా ఆ గీతలోంచే. బ్యాక్టీరియాకైతే రాత్రిపూట తీయని కాంటాక్ట్ లెన్సులు కూడా చాలు.

నల్లగుడ్డు మీద బ్యాక్టీరియా పుండు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే ముదిరి నొప్పి, చీము పుట్టిస్తుంది. ఫంగస్‌ది నిదానం. నల్లగుడ్డు మీద బూడిద రంగు మచ్చ, ఈకలా చెదిరిన అంచులు, పక్కన చిన్న చుక్కలు. అయినా చూడగానే తేల్చేయడం డాక్టర్లకీ కష్టమే. పుండు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఫంగస్ పోగులు కాసేపట్లోనే కనబడతాయి. కల్చర్‌కి, అంటే గీకినదాన్ని ల్యాబ్‌లో పెంచి చూడటానికి మాత్రం వారం దాటొచ్చు. బ్యాక్టీరియాకి గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) చేస్తారు.

నన్నడిగితే అసలు టెన్షన్ మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలతోనే. పైకి ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. (కంట్లో చనుబాలు పిండటమూ మంచిది కాదు.)